పాట ఎవరిది? బధిర నటుల ‘స్ప్రింగ్ అవేకెనింగ్’



వేదిక మీద ఒక అద్దం చట్రం. దానికి అటొక అమ్మాయి, ఇటొక అమ్మాయి. ఒకరు చెయ్యెత్తితే రెండోవారూ ఎత్తుతారు. అద్దంలో తనను తాను చూసుకుంటున్న పిల్ల కాబోలు అనుకుంటాం. ఇంతలో పాట మొదలవుతుంది. లోకం సంగతి ఏదీ చెప్పకుండా పెంచిన తల్లిని తలుచుకుని కూతురు పాడే పాట. అప్పుడు బోధపడుతుంది, వినిపించే గొంతు ఒకరిదేనని. రెండో అమ్మాయి చేతులతో, కళ్ళతో, భుజాలతో పాడుతోంది. ఆమెకు వినపడదు. కథానాయిక ఆమే.

నేను చెబుతున్నది ‘స్ప్రింగ్ అవేకెనింగ్’ అనే సంగీత నాటకం గురించి. దాని పునఃప్రదర్శన 2015 సెప్టెంబరు 27న న్యూయార్క్ బ్రాడ్‌వేలో, బ్రూక్స్ ఆట్కిన్సన్ థియేటర్‌లో మొదలైంది. ఆ థియేటర్‌కి ఇప్పుడు గాయని లీనా హార్న్ పేరు పెట్టారు. నాటకం తయారైంది మాత్రం లాస్ ఏంజెలెస్‌లో, డెఫ్ వెస్ట్ థియేటర్ అనే సంస్థ చేతుల్లో. దర్శకుడు మైఖేల్ ఆర్డెన్. వెండ్లా అనే అమ్మాయిగా నటించింది బధిర నటి శాండ్రా మే ఫ్రాంక్. అద్దానికి అవతల ఆమెకు గొంతుగా నిలబడింది గాయని కేటీ బోయెక్.

ఇలాంటి నాటకం గురించి రేడియోలో మాట్లాడడం కొంచెం విడ్డూరమే. మైకు ముందు కూర్చుని నేను మీకు అందించగలిగేది ఆ పాటలో సగమే. మిగతా సగం, అంటే చేతుల్లో ఉన్న సగం, మీరు ఊహించుకోవాలి. బధిర ప్రేక్షకులకు రోజూ ఉండే ఇబ్బందే, కాకపోతే తలకిందులై మనదాకా వచ్చింది.

ముందు కథ. జర్మన్ రచయిత ఫ్రాంక్ వెడెకిండ్ 1891లో అచ్చువేసిన నాటకం దీనికి మూలం. అది వేదిక ఎక్కడానికే 1906 దాకా పట్టింది, బెర్లిన్‌లో. ఎందుకంత ఆలస్యమో కథ వింటే తెలుస్తుంది. ఒక చిన్న ఊరు. యవ్వనంలోకి అడుగుపెడుతున్న పిల్లలు. వాళ్ళ ఒంట్లో ఏం జరుగుతోందో పెద్దవాళ్ళు ఒక్కరూ చెప్పరు. పిల్లలు ఎలా పుడతారమ్మా అని వెండ్లా అడిగితే తల్లి ముఖం చాటేసి, భర్తను మనస్ఫూర్తిగా ప్రేమిస్తే పుడతారని తప్పించుకుంటుంది. మోరిట్జ్ అనే కుర్రాడు చదువులో వెనకబడి, కలలకు భయపడి, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతుంటాడు. మెల్కియోర్ అనే తెలివైన కుర్రాడు పుస్తకాలు చదివి అన్నీ తెలుసుకుంటాడు, స్నేహితుడి కోసం కాగితం మీద రాసిస్తాడు. చివరికి మోరిట్జ్ పిస్తోలుతో కాల్చుకుని చనిపోతాడు. మెల్కియోర్ రాసిచ్చిన కాగితమే ఆ చావుకు కారణమని బడి పెద్దలు తేలుస్తారు. వెండ్లా తనకేమైందో తెలియకుండానే గర్భవతి అవుతుంది, తల్లి రహస్యంగా చేయించిన గర్భస్రావంలో ప్రాణం పోగొట్టుకుంటుంది. మిగిలేది మెల్కియోర్ ఒక్కడే.

దీన్ని స్టీవెన్ సేటర్ మాటలతో, డంకన్ షీక్ సంగీతంతో రాక్ నాటకంగా మార్చారు. 2006 డిసెంబరులో బ్రాడ్‌వేకి వచ్చింది. మరుసటి ఏడు ఉత్తమ సంగీత నాటకంతో సహా 8 టోనీ అవార్డులు గెలిచింది. అప్పటి దర్శకుడు మైఖేల్ మేయర్ చేసిన ఒక పని ఇక్కడ చెప్పుకోవాలి. పిల్లలంతా పంతొమ్మిదో శతాబ్దపు బట్టల్లో ఉంటారు, అప్పటి పిల్లల్లాగే మాట్లాడతారు. పాట రాగానే కోటు లోపలి నుంచి ఈనాటి మైకు తీసి, రాక్ గాయకుల్లా పాడతారు. ఎందుకంటే ఈ నాటకంలో పాటలు ఒకరితో ఒకరు అనుకునే మాటలు కావు. కథను ముందుకు నడపవు. బయటికి అనలేనిదంతా లోపల కేక పెడితే అదీ పాట. మాట పాత కాలానిది, పాట లోపలి మనిషిది.

ఈ ఏర్పాటును మనసులో పెట్టుకుంటే, తొమ్మిదేళ్ళ తరవాత డెఫ్ వెస్ట్ వాళ్ళు చేసింది ఎంత సహజంగా అమరిందో అర్థమవుతుంది. మొదటిసారి లోపలి మనిషికి గుర్తు మైకు. రెండోసారి లోపలి మనిషే నడిచి వచ్చాడు. వెండ్లా వెనక ఆమె గొంతు, మోరిట్జ్ వెనక అతని గొంతు. మోరిట్జ్‌గా బధిర నటుడు డేనియల్ డ్యూరాంట్, అతనికి గొంతుగా గిటారు పట్టుకున్న అలెక్స్ బోనియెల్లో.

ఒక పాత్రకు ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అంటే తెలుగువాళ్ళం మనమేం ఆశ్చర్యపోతాం? ఘంటసాల పాడుతుంటే ఎన్.టి. రామారావు పెదవులు కదిపితే, అది రామారావు పాటే అని నమ్మి పెరిగినవాళ్ళం. కానీ మన సినిమాలో గాయకుడు కనపడకూడదు. కనపడితే మాయ చెడుతుంది. ఇక్కడ గాయకుడు పక్కనే నిలబడతాడు, తన పాత్ర ముఖం వైపు చూస్తాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు. దాచవలసిన అతుకును తీసుకొచ్చి ముందు పెట్టారు. దాంతో అతుకే కథ అయింది. ఒంటరితనమే జబ్బుగా ఉన్న పిల్లల నాటకంలో బధిర పిల్లలు ఒక్కొక్కరికీ ఒక తోడు కనిపిస్తుంది. ఆ తోడు పెద్దవాళ్ళకు కనపడదు, ప్రేక్షకులకు మాత్రమే కనపడుతుంది. మోరిట్జ్ పక్కన అంతసేపు ఇంకొకడు నిలబడి ఉన్నా, వాడి చావును ఆపడం ఆ ఇంకొకడి వల్ల కాదు. వాడూ మోరిట్జే కనక.

డెఫ్ వెస్ట్‌కి ఇది మొదటి సంగీత నాటకం కాదు. 1991లో ఎడ్ వాటర్‌స్ట్రీట్ అనే బధిర నటుడు ఆ సంస్థను స్థాపించాడు. 2003లో వాళ్ళు ‘బిగ్ రివర్’ను బ్రాడ్‌వేకి తెచ్చారు. మార్క్ ట్వేన్ రాసిన హకిల్‌బెరీ ఫిన్ కథ అది. హక్‌గా బధిర నటుడు టైరోన్ జియోర్డానో. మరి అతని గొంతు ఎవరిది? మార్క్ ట్వేన్‌ది! రచయిత వేషంలో డేనియల్ జెంకిన్స్ వేదిక మీదే తిరుగుతూ, కథ చెబుతూ, తను సృష్టించిన కుర్రాడికి మాట అందించాడు. ఈ జెంకిన్సే 1985లో ఆ నాటకం మొదటిసారి బ్రాడ్‌వేలో ఆడినప్పుడు హక్ వేషం వేశాడు. నాకు తెలిసినంతలో గొంతు ఎవరివ్వాలి అన్న చిక్కుకు ఇంతకంటే చక్కని జవాబు లేదు. నవలలో హక్ మాట్లాడేదంతా ఎలాగూ ట్వేన్ మాటే కదా.

అదే నాటకంలో హక్ తాగుబోతు తండ్రిని ఇద్దరు నటులు కలిసి వేశారు, ఒకే రకం వేషంలో. ఒకరు బధిరుడు, ఒకరు వినగలిగినవాడు. ఆ బధిర నటుడు ట్రాయ్ కోట్సర్. తరవాత ‘కోడా’ సినిమాకి 2022లో ఆస్కార్ అందుకున్నది ఆయనే. కొట్టే తండ్రి పిల్లవాడి కళ్ళకు రెండింతలుగా కనపడతాడని దర్శకుడు జెఫ్ కాల్హూన్ అనుకున్నాడో, లేక ఇద్దరు మంచి నటుల్ని వదులుకోలేక కలిపేశాడో నేను చెప్పలేను. రెండూ నిజం కావచ్చు. చూసేవాడికి మాత్రం మొదటిదే తగులుతుంది.

‘బిగ్ రివర్’లోనే ఇంకో క్షణం ఉంది. బృందగానం ఉద్ధృతంగా సాగుతూ ఉండగా ఉన్నట్టుండి గొంతులన్నీ ఆగిపోతాయి. వాయిద్యాలూ ఆగిపోతాయి. చేతులు మాత్రం అదే లయలో పాడుతూ ఉంటాయి. హాల్లో ఉన్న వినగలిగిన వాళ్ళంతా ఒక్కసారిగా బధిరులవుతారు. అప్పటికి రెండు గంటలుగా ఆ చేతుల్ని చూస్తున్నారు కనక పాట ఆగలేదని వాళ్ళకు తెలుస్తుంది. దీని గురించి రాసినవాళ్ళలో చాలామంది మౌనం అనే మాట వాడారు. నా లెక్కలో అది మౌనం కానే కాదు, ఆ హాల్లో అప్పుడు పాట నడుస్తూనే ఉంది. ‘బిగ్ రివర్’లో టామ్ సాయర్ వేషం వేసిన కుర్ర నటుడే మైఖేల్ ఆర్డెన్. పన్నెండేళ్ళ తరవాత దర్శకుడయ్యాక ఆ పాఠాన్ని మరిచిపోలేదు.

ఇక ‘స్ప్రింగ్ అవేకెనింగ్’ దగ్గరికి తిరిగి వద్దాం. బధిరత్వాన్ని ఈ కథకు ఎందుకు జోడించాలి? వెడెకిండ్ రాసిన పిల్లలెవరూ బధిరులు కారు. ఈ ప్రశ్నకు జవాబు నాటకంలో లేదు, చరిత్రలో ఉంది. కథ జరిగే కాలానికి సుమారు పదేళ్ళ ముందు, 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్య మీద అంతర్జాతీయ సమావేశం జరిగింది. బధిర పిల్లలకు సంజ్ఞా భాషలో చదువు చెప్పకూడదు, పెదవుల కదలిక చూసి గ్రహించడం, నోటితో పలకడం మాత్రమే నేర్పాలి అని అక్కడ తీర్మానించారు. తీర్మానం చేసినవాళ్ళు దాదాపు అందరూ చెవులున్న వాళ్ళే. దాని ఫలితంగా యూరప్, అమెరికాల్లో ఎన్నో బడుల నుంచి సంజ్ఞా భాషను వెళ్ళగొట్టారు, బధిర ఉపాధ్యాయుల్ని కూడా. సైగ చేసిన పిల్లల చేతుల మీద కొట్టారు. కొన్ని చోట్ల చేతులు కట్టేశారు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తల్లీ భార్యా ఇద్దరూ బధిరులే. అయినా అమెరికాలో ఈ పలికించే పద్ధతికి ఆయన పెద్ద దన్ను. 2010లో వాంకూవర్‌లో జరిగిన, అదే వరసలోని సమావేశం మిలాన్ తీర్మానం వల్ల జరిగిన హానికి విచారం తెలిపింది. అంటే 130 ఏళ్ళు పట్టింది.

ఇంకో సంగతి. పలికించే పద్ధతికి పుట్టిల్లు జర్మనీయే. శామ్యూల్ హైనికే 1778లో లైప్‌జిగ్‌లో బడి పెట్టి ఆ పద్ధతికి పునాది వేశాడు. అందుకే యూరప్‌లో దానికి జర్మన్ పద్ధతి అనే పేరు. పారిస్‌లో అబే ద లెపే సైగలతో చదువు చెబుతుంటే, లైప్‌జిగ్‌లో నోరు తెరిపించే చదువు. కాబట్టి ఒక జర్మన్ బడిలో, 1890ల నాటి తరగతి గదిలో బధిర విద్యార్థిని కూర్చోబెడితే అది దర్శకుడి చమత్కారం కాదు. ఆ గది అతనికి అచ్చంగా నరకమే.

ఇప్పుడు ఆ తరగతి గదిని చూడండి. లాటిన్ పాఠం. పిల్లలు లేచి వర్జిల్ పద్యాలు అప్పజెప్పాలి. సంగీత నాటకం మొదటి ప్రదర్శనలో మోరిట్జ్ ఒక మాట తప్పు పలుకుతాడు, మాస్టారు తిట్టిపోస్తాడు. మొద్దబ్బాయి అని మనం అనుకుంటాం. ఈ ప్రదర్శనలో మాస్టారు సైగను ఒప్పుకోడు. నోటితో పలకమంటాడు. తను ఏనాడూ వినని భాషలోని పద్యాన్ని, తను వినలేని సొంత గొంతుతో పలకాలి మోరిట్జ్. ఆ ఒక్క ఏర్పాటుతో పాత్ర స్వభావమే మారిపోయింది. కుర్రాడు మందబుద్ధి కాదు. పరీక్షే వాడి కోసం పెట్టింది కాదు. తరవాత వాడు తప్పడం, చావడం, అన్నీ ఈ గదిలోంచే నడుచుకుంటూ వస్తాయి. స్క్రిప్టులోని మాటలు దాదాపు అవే. వేసినవాడు, వేయించిన తీరు మారాయి, అంతే.

తల్లి సన్నివేశం కూడా అలాంటిదే. అమెరికాలో బధిర పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకే పుడతారు. వాళ్ళలో చాలామంది పెద్దలు పిల్లల భాష పూర్తిగా నేర్చుకోరు. తిన్నావా, రా, పో, వద్దు, ఈ నాలుగు సైగలతో సంసారం గడిచిపోతుంది. కష్టమైన సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు ఇంట్లో భాష లేదని తెలుస్తుంది. వెండ్లా తల్లిగా వినగలిగిన నటి కామ్రిన్ మాన్‌హైమ్ నటించింది. బిడ్డకు ఒంటి సంగతి చెప్పలేక తడబడే తల్లిని చూస్తుంటే, సిగ్గు ఎంత, భాష లేకపోవడం ఎంత అని విడదీయడం కష్టం. విడదీయనక్కర్లేదు. ఆ ఇంట్లో అవి రెండూ ఒకటే.

తండ్రీకొడుకుల ఘట్టం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పరీక్ష తప్పానని మోరిట్జ్ తండ్రికి చెబుతాడు. తండ్రిగా రసెల్ హార్వర్డ్, ఆయనా బధిరుడే. ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. గొంతు ఇచ్చేవాళ్ళెవరూ లేరు. మాటలు వెనక గోడ మీద అక్షరాలుగా పడతాయి. అంతదాకా సౌకర్యంగా వింటూ కూర్చున్న వాళ్ళు చదువుకోవాల్సి వస్తుంది. గోడ వైపు చూస్తే చేతులు తప్పిపోతాయి, చేతులు చూస్తే అక్షరాలు తప్పిపోతాయి. బధిర ప్రేక్షకుడు మామూలు నాటకంలో పడే ఇబ్బందే అది. అయితే నాకు ఇందులో ఇంతకంటే గట్టిగా తగిలింది ఇంకోటి. ఈ తండ్రికీ కొడుక్కీ మధ్య భాష ఉంది. లోటు లేని భాష. అయినా తండ్రికి పరువే ముఖ్యం. కాబట్టి పెద్దలు చెప్పకపోవడానికి కారణం చెవుడు అని ఎవరూ తేలిగ్గా తేల్చేయకుండా దర్శకుడు ఇక్కడ తలుపు వేసేశాడు. భాష ఉన్నా మనసు లేకపోవచ్చు.

ఇలాంటి ప్రదర్శనను చదివేటప్పుడు మనం ఒక తప్పు చేస్తుంటాం. ప్రతిదానికీ అర్థం వెతుకుతాం. ఫలానా నటుడు అక్కడే ఎందుకు నిలబడ్డాడు, చేతుల మీద అంత వెలుతురు ఎందుకు, అందరూ మన వైపే ఎందుకు తిరిగారు అని. వీటిలో చాలావాటికి జవాబు చాలా మామూలుది. సంజ్ఞా భాష కనపడాలి. వీపు చూపిస్తే మాట పోతుంది. చీకట్లో చెయ్యి కదిపితే మాట పోతుంది. చెయ్యీ చొక్కా ఒకే రంగులో కలిసిపోతే మాట పోతుంది. అందుకే ఇక్కడ వెలుతురు అలంకారం కాదు, ధ్వని పరికరం. బెన్ స్టాంటన్ చేసిన దీపాల పనికి టోనీ నామినేషన్ రావడంలో ఆశ్చర్యం లేదు. ఇంకో అవసరం, తాళం. వాద్యం వినపడని నటుడు పాట ఎక్కడ ఎత్తుకోవాలి? పక్కవాడు భుజం తట్టాలి, ఎదుటివాడు ఊపిరి పీల్చడం చూడాలి, లోపల లెక్కపెట్టుకోవాలి. నృత్య దర్శకుడు స్పెన్సర్ లిఫ్ అడుగుల్లోనే ఇలాంటి సంకేతాలు దాచిపెట్టాడు. మనకు ఆప్యాయంగా కనపడే స్పర్శ ఒక్కోసారి, ఇప్పుడు మొదలుపెట్టు అనే హెచ్చరిక.

అలాగని అర్థం లేదనను. మంచి దర్శకుడు అవసరాన్నే అర్థంగా మలుస్తాడు. తట్టి చెప్పక తప్పదు కనక, ఒకరి ఆసరా లేకుండా ఒకరు పాడలేని పిల్లల గుంపు ఏర్పడింది. ఆ పిల్లలు ఒకరినొకరు ముట్టుకున్నంతగా ఆ ఊళ్ళో ఏ పెద్దవాడూ పిల్లల్ని ప్రేమగా ముట్టుకోడు. అవసరంలో పుట్టిన అర్థం కాబట్టి అతికించినట్టు ఉండదు.

చేతుల సంగతి ఇంకా లోతైనది. చేతులే మాటలైన చోట, చేతులు పట్టుకుంటే నోరు మూసినట్టే. ఈ మాట గుర్తుపెట్టుకుని గడ్డి అటక మీద మెల్కియోర్, వెండ్లాల ఘట్టాన్ని ఆలోచించండి. వెడెకిండ్ మూలంలో అది బలాత్కారం. సంగీత నాటకంలో కొంత మెత్తబరిచి, ఒప్పుకుందో లేదో తెలియనట్టు వదిలారు. బధిర నటి ఆ పాత్రలో ఉన్నప్పుడు ఆ అస్పష్టత మరీ ప్రమాదకరంగా మారుతుంది. ప్రియుడి చేతుల్లో ఆమె చేతులుంటే అది ప్రేమా, మాట తీసుకోవడమా? మోరిట్జ్ చేతిలోని పిస్తోలూ అంతే. ఆయుధం పట్టుకున్న చెయ్యి మాట్లాడలేదు. చావాలని నిర్ణయించుకున్న కుర్రాడు అప్పటికే సగం మాట పోగొట్టుకున్నాడు. ఇవి నేను చెబుతున్న అర్థాలు. దర్శకుడు ఇలాగే అనుకున్నాడని సాక్ష్యం చూపించలేను. కానీ భాషే చేతుల్లో ఉన్నప్పుడు చేతిలో పెట్టే ప్రతి వస్తువూ ఒక మాటను తీసేస్తుంది. ఈ వ్యాకరణం నుంచి ఏ దర్శకుడూ తప్పించుకోలేడు.

సంజ్ఞా భాష అనగానే మనవాళ్ళు కూచిపూడి ముద్రల్ని తలుచుకుంటారు. కలపకూడదు. హస్తముద్రలు సాహిత్యానికి అభినయం పట్టే కళ. అమెరికన్ సంజ్ఞా భాష వంటావిడా కొట్టువాడూ కూడా మాట్లాడుకునే భాష. ఇంగ్లీషును చేతుల్లో పెట్టడం కూడా కాదది. దానికి వేరే పదక్రమం, వేరే వ్యాకరణం. కనుబొమ్మలు ఎత్తితే ఒక రకం ప్రశ్న, ముడిస్తే మరో రకం ప్రశ్న. ముఖంలోనే సగం వ్యాకరణం. కాబట్టి ఒక పాటను ఆ భాషలోకి తేవడమంటే కవిత్వాన్ని అనువదించినంత పని. మన పద్యంలో అక్షరం తిరిగి వచ్చి ప్రాస కూర్చినట్టు, అక్కడ ఒకే చేతి ఆకారం తిరిగి తిరిగి వచ్చి ప్రాస అవుతుంది. రాగం సాగితే సైగ సాగుతుంది. ఈ పని చేయడానికి సంజ్ఞా భాషా నిపుణుల్ని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. కార్యక్రమ పత్రంలో వాళ్ళ పేర్లు చిన్నగానే ఉంటాయి. నా ఉద్దేశంలో వాళ్ళు రెండో గీత రచయితలు.

ఇక నాకున్న పేచీలు చెప్పాలి. మొదటిది, మెల్కియోర్. ఆ వేషం వేసిన ఆస్టిన్ మెకెంజీకి వినపడుతుంది. తనే మాట్లాడుతూ తనే సైగలూ చేస్తాడు. ఒకేసారి రెండు భాషలు మాట్లాడడం ఎవరి తరమూ కాదు, ఏదో ఒకటి కుంటుతుంది. మామూలుగా కుంటేది సైగ. నోటిలోని ఇంగ్లీషు వరస చేతుల్లోకి జొరబడుతుంది. బధిర సమాజంలో ఈ పద్ధతి మీద ఎప్పటినుంచో అసంతృప్తి ఉంది. అది సరైనదే అంటాను.

రెండోది ఇంకా పెద్దది. వెండ్లా బధిర, మోరిట్జ్ బధిరుడు. చనిపోయేది వాళ్ళిద్దరే. అన్నీ తెలిసినవాడు, చివరిదాకా బతికేవాడు, వినగలిగిన మెల్కియోర్. జ్ఞానం చెవుల వైపు, చావు చేతుల వైపు పంచినట్టు లేదూ? ప్రదర్శనను సమర్థించేవాళ్ళు అంటారు, మిలాన్ తరవాతి లోకంలో సమాచారం అందింది వినగలిగిన వాళ్ళకే, నాటకం ఆ అన్యాయాన్నే చూపిస్తోంది అని. ఈ వాదనలో బలముంది. కానీ చెవుడున్న పాత్ర దుఃఖపడడానికీ చావడానికీ పుట్టిందన్న పాత అలవాటు ప్రేక్షకుల్లో బలంగా ఉన్నప్పుడు, ఆ అలవాటుకు మరో మేత వెయ్యకుండా ఉంటే బాగుండేది. మెల్కియోర్ బధిరుడై, బధిరుల మధ్య చాటుగా చేతులు మారే పుస్తకాల్లోంచి లోకాన్ని తెలుసుకున్నవాడైతే ఎలా ఉండేదో నాకు చూడాలని ఉంది.

మూడోది మన కళ్ళ తప్పు. వినగలిగిన ప్రేక్షకుడి చూపు తెలియకుండానే శబ్దం వచ్చే వైపు పోతుంది. గిటారు పట్టుకుని అందంగా పాడుతున్న మనిషి పక్కనే ఉంటే, సైగ చేస్తున్న నటి రెండో స్థానంలోకి జారిపోయే ప్రమాదం ఉంది. గొంతు ఇచ్చేవాళ్ళు పదే పదే తమ జోడీ వైపు చూస్తూ పాడడం దీనికి మందు. వాళ్ళ చూపు వెంట మన చూపు పోతుంది. ఎప్పుడూ పనిచేసే మందు కాదు, కానీ తెలివైనది.

ఈ ప్రదర్శన 2016 జనవరి 24న ముగిసింది. పునఃప్రదర్శన, దర్శకత్వం, దీపాలంకరణ, మూడింటికి టోనీ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ దక్కలేదు. అయితే దీనితో మొదలైనవి కొన్ని ఉన్నాయి. ఇందులో నటించిన అలీ స్ట్రోకర్ చక్రాల కుర్చీలో బ్రాడ్‌వే వేదిక ఎక్కిన మొదటి నటి. 2019లో ‘ఓక్లహోమా!’కు టోనీ అందుకుంది. 1987లోనే ఆస్కార్ గెలిచిన బధిర నటి మార్లీ మాట్లిన్ బ్రాడ్‌వేలో తొలిసారి నటించింది ఈ నాటకంలోనే. ఆమె, డేనియల్ డ్యూరాంట్ తరవాత ‘కోడా’లో కలిసి నటించారు. ఆ సినిమా 2022లో ఉత్తమ చిత్రం అయింది.

మన దగ్గరికి వస్తే, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షలకు పైనే. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలో ప్రత్యేక కేంద్రం 2015లో వచ్చింది. తెలుగు తెర మీద ‘సిరిసిరిమువ్వ’లో మాట రాని నర్తకిని, ‘రంగస్థలం’లో సరిగా వినపడని కుర్రాడిని, ‘నిశ్శబ్దం’లో బధిర చిత్రకారిణిని చూశాం. జయప్రద, రామ్ చరణ్, అనుష్క, అందరూ బాగానే చేశారు. అందరూ వినగలిగినవాళ్ళే.

పరిషత్తు పోటీలకు నాటకాలు తయారుచేసే మిత్రులకు, కాలేజీల్లో నాటకం ఆడించే మాస్టార్లకు నాదొక విన్నపం. మీ తరవాతి నాటకంలో వినపడని పాత్ర ఒకటుంటే, ఆ వేషానికి ముందు మీ ఊళ్ళోని బధిరుల బడికి వెళ్ళి అడగండి. నటుణ్ణి మాత్రమే తెచ్చుకుంటే సరిపోదు. సంజ్ఞా భాష బాగా వచ్చిన బధిరులొకరిని మొదటి రోజు రిహార్సల్ నుంచే దర్శకుడి పక్కన కూర్చోబెట్టుకోండి. దుబాసీకి అయ్యే ఖర్చును లైట్లు, మేకప్ ఖర్చుల పక్కనే బడ్జెట్లో రాసుకోండి.